ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైమేనా?

ప్రశ్న: ఎంజైములన్నీ ప్రోటీన్లేనని చదువుకున్నాం. ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైములా పనిచేస్తుందా? ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ అంటే అదేనా?

జవాబు: పనిచేస్తుంది, అలాంటి ఆర్‌ఎన్‌ఏను రైబోజైమ్ అంటారు. టెట్రాహైమెనా అనే ఏకకణ జీవి ఆర్‌ఎన్‌ఏలోని 413 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని 'అక్షరాల') ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ పనికి సిద్ధమయ్యే ముందు దాని నుంచి తొలగిపోయే మధ్య ముక్క), ఏ ప్రోటీనూ లేని పరీక్షనాళికలో సైతం, మెగ్నీషియం, గ్వానోసిన్ అనే చిన్న అణువు అందితే చాలు, తనను తానే కత్తిరించుకుని బయటపడి, మిగిలిన రెండు కొసలూ అతుక్కునేలా చేస్తుందని థామస్ చెక్ బృందం 1982లో వెల్లడించింది. అయితే తనను తాను మార్చుకునే అణువును అసలు సిసలు ఎంజైము అనడం కష్టమే. ఆ లోటును సిడ్నీ ఆల్ట్‌మన్ పరిశోధించిన, ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ కలిసి ఉండే ఆర్‌ఎన్‌ఏజ్-పి అనే ఎంజైము తీర్చింది: దానిలోని ఆర్‌ఎన్‌ఏ వేరే అణువులను ఒకదాని తర్వాత ఒకటిగా కత్తిరిస్తూ, తాను మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇద్దరికీ 1989లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఎడిటింగ్ సంగతి వేరు. అక్కడ మారేది అక్షరం. మనుషుల్లో అపోబి అనే (కొవ్వును మోసే ప్రోటీను తాలూకు) జన్యువు పంపే ఆర్‌ఎన్‌ఏ సందేశంలో 2153వ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల మాట) సిఏఏ. పేగు కణాల్లో ఒక ఎంజైము (ఇది ప్రోటీనే సుమా!) అందులోని 'సి'ని 'యు'గా మార్చగానే అది యుఏఏ, అంటే 'ఇక ఆపు' అనే సంకేతం అవుతుంది. కాలేయంలో ఈ దిద్దుబాటు జరగదు కనుక 4,536 అమైనో ఆమ్లాల పూర్తి ప్రోటీను తయారవుతుంది. పేగులో మాత్రం అది 2,152 దగ్గరే ఆగిపోతుంది.