ముందు ఊదడం నేర్పండి, ఆసనాల సంగతి తర్వాత

“మాది చీపురుపల్లి. చెల్లి కొడుక్కి ఎనిమిదేళ్లు, ఆటిజం. ఒక్కచోట కూర్చోడు. ఏ ఆసనాలు వేయిస్తే కుదురొస్తుంది? మాటలు కూడా వస్తాయంటున్నారు, నిజమేనా?” అని ఒకరు అడిగారు.

మాటల సంగతి ముందు తేల్చేద్దాం. దానికి స్పీచ్ థెరపీ ఉంది, యోగా దానికి బదులు కాదు. ఆటిజం నయం చేస్తామనేవాళ్ల గుమ్మం ఎక్కకండి. ఫిట్స్ మాత్రలు ఆపెయ్యమనే గురువుగారికైతే దూరం నుంచే దణ్ణం పెట్టండి.

ఇక కుదురు. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా తల్లుల మాట ఒకటే: “ఏటి మేస్టారూ, మా గుంటడు ఒక్క దగ్గర కూకోడు.” కూకోడనే కదా తీసుకొచ్చారు, మరి వచ్చీరాగానే పద్మాసనంలో కూకోబెడితే ఎలా? ఒంట్లో ఊపు ముందు బయటికి పోవాలి. గోడకు రెండు అరచేతులూ ఆనించి, గోడను జరిపేస్తున్నట్టు ఐదు లెక్కపెట్టేదాకా తొయ్యాలి. అలా పది సార్లు. తర్వాత చేతులూ మోకాళ్ల మీద పిల్లిలా ఉండి వీపు పైకీ కిందికీ, ఎనిమిది సార్లు. అప్పుడు శ్వాస.

నన్నడిగితే మొదటి రెండు నెలలూ ఆసనం ఆకారం గురించి మరిచిపోవచ్చు. పిల్లాడికి కావలసింది గాలి నెమ్మదిగా వదలడం. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం 34వ సూత్రం కూడా వదలడంతోనే మొదలవుతుంది. మనవాళ్లు మాత్రం “గట్టిగా పీల్చు నాన్నా” అంటారు. ఆ మాట వినగానే పిల్లలు భుజాలు చెవులదాకా ఎత్తి ఊపిరి బిగబడతారు. “పీల్చు” అనే మాటే వాడకండి. పూర్తిగా వదిలితే లోపలికి రావాల్సిన గాలి దానంతటదే వస్తుంది.

“ఊదు” అంటే ఏం చెయ్యాలో తెలియని పిల్లలూ ఉంటారు. బల్ల మీద జానెడు దూరం దూది ఉండను దాటించడంతో మొదలుపెట్టండి. అది వచ్చాక, వేలెడు వెడల్పు కాగితం ముక్కను మూతి ముందు పట్టుకుని ఊపించండి. ఆ తర్వాతది గ్లాసూ స్ట్రా. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

స్టీలు గ్లాసు వద్దు, లోపలేం జరుగుతోందో వాడికి కనబడదు. లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ గ్లాసులో సగానికి తక్కువ నీళ్లు పొయ్యండి. స్ట్రా చేతికిస్తే కూల్‌డ్రింక్ తాగినట్టు లాగుతాడు. తప్పు వాడిది కాదు, స్ట్రాతో వాడికి తెలిసిన పని అదొక్కటే. నీళ్లు గొంతుకు అడ్డం పడి దగ్గు, దగ్గుతో భయం, మర్నాడు గ్లాసు చూస్తేనే విసిరికొట్టడం. అందుకని నీటిమట్టానికి రెండు వేళ్లు పైన స్ట్రాకి పిన్నుతో రెండు చిల్లులు పొడవండి. ఇప్పుడు లాగినా గాలే వస్తుంది తప్ప నీళ్లు సరిగా ఎక్కవు. స్ట్రా కొనను అంగుళానికి మించి ముంచకండి, లోతు పెరిగితే ఊదిన గాలంతా చిల్లుల్లోంచే పోతుంది.

మొదట బుడ్ బుడ్‌మని రెండు బుడగలు. వాడు వంగి గ్లాసులోకి చూస్తాడు. మళ్లీ ఊదుతాడు. బుగ్గలు పూరీల్లా పొంగుతుంటే ఆ గాలి నోట్లోదే, ఛాతీలోంచి రావట్లేదన్నమాట. బుగ్గల మీద మీ వేళ్లు ఆనించండి. ఐదు లెక్కపెట్టేదాకా బుడగలు ఆగకుండా వచ్చిన రోజున వాడి భుజాలు చూడండి, దిగి ఉంటాయి. ఒకసారికి ఆరు ఊదులు చాలు, తూలుతుంటే ఎక్కువైనట్టే. లెక్క ఎనిమిదికి చేరాక స్ట్రా తీసేసి, మూతి మూయించి, వాడి అరచెయ్యి వాడి ఛాతీ మీదే పెట్టి “మ్...” అనిపించండి. తుమ్మెదలా ఝుమ్మనే ప్రాణాయామం, భ్రామరి, అదే. చెవులు మూయించక్కర్లేదు, చెవి ముట్టుకుంటే గింజుకునే పిల్లలుంటారు. నోరు ఎప్పుడూ తెరిచే ఉండి, రాత్రి గురక కూడా పెడుతుంటే ముక్కు వెనక ఉండే కండ (అడినాయిడ్స్) పెరిగి ఉండొచ్చు, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

బుడగల బదులు బెలూన్ ఇవ్వకండి. పేలితే వారం దాకా ఆ గదిలోకి రాడు, ముక్క గొంతులో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు. గబగబా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక అసలొద్దు. మెదడుకి చేసే ఈఈజీ పరీక్ష తీసేటప్పుడు ఫిట్స్ జాడ బయటపడుతుందేమోనని కావాలనే మూడు నిమిషాలు గబగబా ఊపిరి తీయిస్తారు. అక్కడ పక్కన మనుషులుండి చేయించే పనిని మనం ఇంట్లో చాప మీద చేయిస్తామా? ఆటిజం పిల్లల్లో ఫిట్స్ ఉన్నవాళ్లు తక్కువేం కాదు.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి మనవాడు కనక సూర్యనమస్కారాలు చేయించాల్సిందేనని పట్టుబట్టే తండ్రులుంటారు. భక్తి మంచిదే, కానీ పన్నెండు భంగిమలు వరస తప్పకుండా గుర్తుంచుకోవడమే వాడికి పెద్ద పరీక్ష. మూడు చాలు: చేతులు పైకి, వంగి కుర్చీ అంచు పట్టుకో, లే. జూన్ 21, యోగా దినోత్సవం వస్తే ఇంకో గొడవ. తెల్ల టీషర్టు తొడిగి, మైకు హోరులో ముందు వరసలో నిలబెట్టి ఫొటోలు. చప్పుడుకి చెవులు మూసుకునే పిల్లాడికి అది పండగా, శిక్షా?

మీవాడితోపాటు డౌన్ సిండ్రోమ్ పిల్లలుంటే వాళ్లకి శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, పిల్లిమొగ్గలు వద్దు. మెడలో పైరెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉండొచ్చు. కొత్తగా మెడ వంకరపోయినా, నడక తడబడినా, పక్క తడుపుతున్నా అన్నీ ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఒళ్లు విల్లులా వంగుతోందని మురిసి ఇంకా వంచకండి, వాళ్లకి లేనిది బలం. సెరిబ్రల్ పాల్సీలో బిగుసుకున్న కండరాన్ని గభాల్న లాగితే ఇంకా బిగుస్తుంది. నెమ్మదిగా సాగదీసి 30 సెకన్లు ఉంచాలి. అదీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు కనుక్కుని, వాళ్ల ముందు ఒకసారి చేసి చూపించాక.

మీవాడికి ఎదురుగా నిలబడి చూపించకండి. మీ అరచేతులు వాడివైపు ఉంటే, వాడు తన అరచేతుల్ని తనవైపే తిప్పుకుంటాడు, కనబడింది అదే కదా. ఇద్దరూ పక్కపక్కన, అద్దం ముందు చెయ్యండి. “చెట్టులా నిలబడు” అంటే కిటికీలోంచి చెట్టుకేసి చూస్తాడు. “కాలు ఇక్కడ” అని సుద్దతో గీసిన పాదం చూపించండి. ఒకసారి చెప్పాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. సరిచెయ్యాలంటే ముందు చెప్పి, అరచెయ్యంతా ఆనించి గట్టిగా పట్టుకోండి, వేలికొసలతో తాకితే ఒళ్లు జలదరించి దూరం జరుగుతాడు. రబ్బరు మ్యాట్ వాసన పడకపోతే దుప్పటి నాలుగు మడతలు వేస్తే సరి. చేయించే ఐదు పనుల ఫొటోలు బట్టల క్లిప్పులతో తాడుకి వేలాడదీసి, అయినదాన్ని అయినట్టు తీసి డబ్బాలో వేయించండి. వరస మార్చకండి. మొదట్లో అంతా కలిపి 8 నిమిషాలు.

చివరి ఫొటో శవాసనం. కళ్లు మూసుకోమని బలవంతం వద్దు, ఫ్యాన్ రెక్కలు చూస్తూ పడుకున్నా సరే. మొదటి వారం వాడు ఎన్ని సెకన్లకి లేచిపోతున్నాడో గమనించండి. ఇరవైకి లేస్తుంటే, రెండో వారం నుంచి పదిహేనుకే మీరు “అయిపోయింది” అనేసి చెయ్యి అందించండి.