చలికాలం చార్టులు: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిట్టికి, పెద్దమ్మ దీవెనలు.

ఈసారి చలికాలం పాఠాలన్నీ గోడ చార్టులతోనే చెప్పబోతున్నావట, గదికి నాలుగువైపులా చార్టులేనట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పట్నుంచీ ఓపక్క పొంగిపోతున్నాను, ఓపక్క గుబులుగా ఉంది. పొంగిపోవడం దేనికో నీకు తెలుసు. గుబులు ఆ "నాలుగువైపులా" అన్న మాటకి.

ముందు నీకు తెలిసినవే రెండు ముక్కలు చెప్పేస్తాను, విసుక్కోకు. అక్షరాలు పెద్దగా రాయి, రాశాక చివరి బెంచీలో కూర్చుని నువ్వే చదివి చూసుకో. చార్టు పిల్లల కళ్ల ఎత్తులో ఉండాలి, నీ కళ్ల ఎత్తులో కాదు. లామినేషన్ చేయిస్తే కిటికీకి ఎదురుగా తగిలించకు, మెరుపు తప్ప ఏమీ కనపడదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా పోల్చుకోలేని పిల్లలుంటారు, మగపిల్లల్లో ఎక్కువ. రంగుతో చెప్పినదాన్ని గీతతోనో మాటతోనో కూడా చెప్పు. చెమ్మకి టేపు ఊడిపోతుంది, అందుకని పైనా కిందా సన్నకర్రలు పెట్టి తాడుతో వేలాడదీయి. మేకు కొట్టాలని బల్లమీద కుర్చీ వేసుకుని ఎక్కావంటే మాత్రం ఊరుకోను. నువ్వు ఎక్కే రకమే. చిన్నప్పుడు బొమ్మ పూర్తిచెయ్యాలని మంచం కోడుమీద నిలబడ్డ పిల్లవి. ఎవరినైనా పిలిచి పట్టుకోమను, పని ఆగినా పర్లేదు.

ఇక నాలుగు గోడల సంగతి. అన్నీ ఒకేసారి తగిలించకు తల్లీ. వారం తిరిగేసరికి పిల్లలకు ఆ చార్టులు సున్నంలాగే కనిపిస్తాయి, కళ్లు వాటిమీద ఆగవు. ఆగినా తప్పుడు వేళలో ఆగుతాయి. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్నపిల్లలకు రెండు రకాలుగా పాఠాలు చెప్పి చూశారు, గోడలనిండా బొమ్మలు పెట్టి కొన్ని, బోసిగోడల మధ్య కొన్ని. బొమ్మలున్నప్పుడు పిల్లల చూపు పాఠంమీద నిలవలేదు, నేర్చుకున్నదీ తక్కువే. పాఠానికొక చార్టు చాలు. పాఠం అయ్యాక దించు, మళ్లీ అవసరమైనప్పుడు ఎక్కించు. కష్టపడి గీసినదాన్ని చుట్టి మూల పెట్టాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. అయినా దించాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం.

నేను టీచరుగా చేరేనాటికే మా బడి గోడమీద ఒక రుతువుల చార్టు ఉండేది. నూనెరంగుల ముద్రణ, చూడముచ్చటగా ఉండేది. మధ్యలో సూర్యుడు, చుట్టూ కోడిగుడ్డులా సాగదీసిన కక్ష్య, దానిమీద నాలుగు భూగోళాలు. వేసినవాడికి మరో ఉద్దేశం లేదు. గుండ్రటి దారిని పక్కనుంచి వాలుగా చూస్తే అలాగే కనిపిస్తుంది కాబట్టి అలా వేశాడు. ఆ వాలుచూపు పెద్దవాళ్లకు అర్థమవుతుంది, పిల్లలకు కాదు. వాళ్లకు కనిపించిందల్లా ఒక్కటే: గుడ్డు కొసల దగ్గర భూమి దూరంగా ఉంది, నడుము దగ్గర దగ్గరగా ఉంది. దూరమైతే చలి, దగ్గరైతే ఎండ. ఇంకేం కావాలి?

భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంటుందని, ఆ వంపువల్లే రుతువులని నోరు నొప్పెట్టేలా చెప్పేవాళ్లం. వల్లెవేయిస్తే చక్కగా అప్పగించేవాళ్లు. చలి ఎందుకేస్తుందని పరీక్షలో అడిగితే మాత్రం "సూర్యుడు దూరంగా పోవడం వల్ల" అని రాసేవాళ్లు. మాట ఓ గంట ఉంటుంది, బొమ్మ ఏడాది పొడుగునా ఎదురుగా ఉంటుంది. పిల్లలు దేన్ని నమ్ముతారు? చివరికి ఆ చార్టును గోడమీంచి దింపింది మేం కాదు, ఐదో తరగతి పిల్ల ఒకర్తె. లేచి నిలబడి, "సూర్యుడు దూరమైతే భూమికంతా దూరమే కదా టీచర్, మరి మనకు చలికాలమైనప్పుడు అవతలి అర్ధగోళంలో ఎండాకాలం ఎందుకు?" అనడిగింది. అప్పటిదాకా పెద్దవాళ్లెవరికీ తట్టని ప్రశ్న. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టబుద్ధేస్తుంది.

నిజానికి జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో అన్నిటికన్నా దూరం, 15.2 కోట్లు. ఉత్తరార్ధగోళం వణికేది దగ్గరగా ఉన్నప్పుడే! కక్ష్యను నువ్వు పైనుంచి చూస్తున్నట్టు గీయి. 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, సూర్యుణ్ణి కేంద్రం నుంచి అర సెంటీమీటరు పక్కకు జరుపు. అంతే, కొలత సరిపోతుంది. అది గుడ్డు కాదని ఏ పిల్లాడికైనా కనిపిస్తుంది. వంపు చూపించడానికి పక్కనే వేరే బొమ్మ వేసి, అందులో నాలుగు భూగోళాల అక్షాలూ ఒకే దిక్కుకు, సమాంతరంగా వంగి ఉండేలా స్కేలుతో గీయి. చాలా చార్టుల్లో అవి నాలుగూ సూర్యుడివైపే తలవంచి ఉంటాయి. అలా ఉంటే రుతువులే రావు.

ఇంకో గళ్లకాగితం చార్టు పెట్టుకో. టార్చిలైటు నిటారుగా వేసి వెలుగు ఎన్ని గళ్లమీద పడిందో పిల్లల్నే లెక్కపెట్టమను. తర్వాత అంతే దూరం నుంచి ఏటవాలుగా వెయ్యి. అదే వెలుగు ఎక్కువ గళ్లకు పరుచుకుని పల్చబడుతుంది. చలికాలపు ఎండ అదే. ఇదంతా పెద్ద తరగతులకు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు కక్ష్య జోలికే పోకు.

చిన్నవాళ్లకు నీడల చార్టు పెట్టు. ఒక పొట్టి పుల్లను ఆరుబయట నిలబెట్టి, మధ్యాహ్నం నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండే వేళకు, దాని పొడుగున రంగుకాగితం కత్తిరించండి. వారానికొకటి, వరసగా అంటించుకుంటూ పోండి. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21, 22 దాకా ఆ పట్టీలు పెరుగుతూ పోతాయి, తర్వాత తగ్గడం మొదలవుతుంది. నువ్వు నోరు విప్పక్కర్లేదు. కొన్న చార్టులు పది ఈ ఒక్కదానికి సాటిరావు.

కొన్న చార్టులంటే గుర్తొచ్చింది. ధ్రువపు ఎలుగుబంటినీ పెంగ్విన్‌నీ ఒకే మంచుగడ్డమీద కూర్చోబెట్టిన బొమ్మ కనిపిస్తే కొనకు. ఎలుగుబంటి ఉత్తర ధ్రువం వైపుది, పెంగ్విన్ దక్షిణార్ధగోళానిది, ప్రకృతిలో అవి ఒకదాన్నొకటి చూసుకునే అవకాశమే లేదు. మంచు రేకులకు ఎనిమిది కొమ్మలు గీసేవాళ్లూ ఉంటారు. ఆరే ఉండాలి, నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల అల్లికగా కుదురుకుంటాయి కాబట్టి. కెప్లర్ అంతటి ఖగోళశాస్త్రవేత్త 1611లోనే ఆరే ఎందుకని తల బద్దలుకొట్టుకున్నాడు. 1885లో విల్సన్ బెంట్లీ అనే రైతుబిడ్డ సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి వాటి ఫొటోలు తీశాడు, ఆ తర్వాత జీవితమంతా వేలకొద్దీ తీస్తూనే ఉన్నాడు. పిల్లలకు అతని కథ చెప్పు, ఇష్టపడతారు. మీ పిల్లలెప్పుడూ హిమపాతం చూడనివాళ్లయితే మాత్రం మంచుబొమ్మలతో మొదలుపెట్టకు. చలికాలమంటే అదెక్కడో జరిగేదనుకుంటారు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అదే మొదటి చార్టు.

గడ్డకట్టిన చెరువును నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ ఒకటి వెయ్యి. పైన మంచుపలక, అడుగున 4 డిగ్రీల సెల్సియస్ నీరు, అందులో చేపలు. నీరు బరువెక్కేది 4 డిగ్రీల దగ్గర, గడ్డకడితే తేలికై పైకి తేలుతుంది. అందుకే చేపలు బతుకుతాయి. బొమ్మలు వేయడంలో నీ చెయ్యి మంచిది, ఇది నువ్వు బాగా వేస్తావు.

రాత్రుళ్లు మేలుకుని రంగులు వేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. రంగులు పిల్లలతో వేయించు, గీతలు దాటినా పర్లేదు. కక్ష్య చార్టు ఒక్కటి మాత్రం పెన్సిల్ గీతలమీద ఉండగానే ఫొటో తీసి నాకు పంపు. అక్షాలు సమాంతరంగా ఉన్నాయో లేదో నేను స్కేలు పెట్టి చూసి చెప్తాను, అప్పుడు రంగు వెయ్యి.

మీ
పెద్దమ్మ