సైకిల్ సంగతి తర్వాత, చివర ఎవరు వస్తారో అడిగారా?

నలభై దాటిన వయసు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, కాలనీ సైకిల్ క్లబ్బు వాళ్లేమో ఆదివారం హైదరాబాదు నుంచి వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండ దాకా వెళ్లి వద్దాం రమ్మంటున్నారు, ఎలాంటి సైకిల్ కొంటే వాళ్లతో పాటు తొక్కగలను అని కదా మీరు అడిగింది. ఏదైనా ఫరవాలేదు. గేర్లుండి, బ్రేకులు సరిగా పడుతూ, సీటు మీ ఎత్తుకు అమరితే చాలు. లక్షలు పోసి కొన్నవాళ్లు చేవెళ్ల దగ్గర చెట్టు కింద కూలబడటం చూశాను. వెనక క్యారియర్ ఉన్న పాత ఇనప సైకిల్ మీద నవ్వుతూ ఇల్లు చేరినవాళ్లనూ చూశాను. అసలు అడగవలసింది వేరే ఉంది. ఆ క్లబ్బులో అందరికంటే చివర ఎవరు వస్తారు? అడిగి చూడండి. చాలా క్లబ్బుల్లో ముందు నడిపేవాడి పేరు టకీమని చెబుతారు, చివర వచ్చేదెవరంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

వేగం గురించి బెంగ పెట్టుకోకండి. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం ప్రపంచమంతటా జరిగే బ్రెవే రైడ్లలో, అంటే పోటీ లేకుండా గడువులోగా పూర్తి చేస్తే చాలనే దూరపు రైడ్లలో, 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13.5 గంటలు. లెక్క వేసుకోండి, గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. టిఫినుకీ, టీకీ, పంక్చరుకీ ఆగిన సమయం కూడా అందులోనే కలిసిపోతుందనుకోండి. అయినా ఆ వేగం మీ వల్ల కానిదేమీ కాదు. మన క్లబ్బుల్లో కొందరికే వేగం గంటకు 30 కిలోమీటర్ల కంటే తగ్గితే పరువు పోతుంది.

మా దారి ఇది. నానక్‌రామ్‌గూడ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద ఉన్న సైకిల్ ట్రాకు మీద అప్పా కూడలి దాకా, అక్కడి నుంచి బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాదు, ఆ పైన కొండ. రానూ పోనూ 160 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ ట్రాకు 2023 అక్టోబరులో తెరిచారు, రెండు ముక్కలుగా ఉంది, కలిపి 23 కిలోమీటర్లు. పిల్లలకూ, కొత్తగా నేర్చుకునేవాళ్లకూ బంగారం లాంటిది, కాదనను. కానీ దాని మీదే ఏడాదంతా తిరిగి తమకు సైక్లింగు వచ్చేసిందనుకునేవాళ్లున్నారే, వాళ్లను ఒక్కసారి బీజాపూర్ రోడ్డెక్కించాలి. ఊరికో స్పీడు బ్రేకరు, దానికి రంగుండదు. ఎదురుగా లారీని దాటుకుంటూ బస్సు మన మీదికే వస్తుంది. పంట చేతికొచ్చిన రోజుల్లో సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి, అవి కొట్టుకుపోకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. రైతును ఏమీ అనలేను, కల్లం కట్టివ్వనివాళ్లను అనాలి. ఇన్ని ఉన్నా ఆ రోడ్డంటే నాకు ప్రాణం, ఎందుకంటే రెండు పక్కలా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలని ఒకరు, చెట్లు కొట్టవద్దని ఒకరు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. డిసెంబరు ఎండలో వాటి కింద సైకిల్ తొక్కినవాణ్ణి అడిగితే ఎటువైపు ఉంటాడో చెప్పనక్కరలేదు.

ఈ దారిలో గాలి ఒక మాయలాడి. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి వెళ్లేటప్పుడు మొహాన కొడుతుంది, వచ్చేటప్పుడు వీపు తడుతుంది. చలికాలంలో తలకిందులవుతుంది. పొద్దున తూర్పుగాలి వెనక నుంచి నెడుతుంటే కొత్తవాడు అదంతా తన కాళ్ల బలమే అనుకుంటాడు.

ఒక డిసెంబరు రైడులో సరిగ్గా ఇదే జరిగింది. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు కొత్త కార్బన్ సైకిల్ మీద వచ్చాడు. పొద్దున ముందు గుంపులో దూసుకుపోయాడు. మన్నెగూడలో అందరం ఇడ్లీ వడ తింటుంటే తాను డైటులో ఉన్నానని బ్లాక్ కాఫీ ఒక్కటే తాగాడు. కొండెక్కి, గుడి దగ్గర మూసీ పుట్టిన చోటని ఫోటోలు దిగి, మధ్యాహ్నం తిరుగుముఖం పట్టామో లేదో ఎదురుగాలి అందుకుంది. ముందు గుంపు వాళ్లు తలలు వంచి వెళ్లిపోయారు, వాణ్ణి వెనక్కి తిరిగి చూసినవాడు లేడు. చేవెళ్ల ఇంకా రాకముందే ఒక మర్రిచెట్టు కింద సైకిల్ పడేసి కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. "నన్ను వదిలేయండి సార్, క్యాబ్ పిలుచుకుంటాను" అన్నాడు. అప్పటికే ఫోనులో చూస్తున్నాడు, ఒక్క బండీ దొరకడం లేదు.

వెనక గుంపులో ఉన్న మాలో, ఎవరూ దారిలో మిగిలిపోకుండా చూసుకుంటూ చివర వచ్చేది ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు. బయలుదేరేటప్పుడూ, ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టుకుంటారు. లెక్క సరిపోతేనే "రైట్" అంటారు, ఆ మాట వినబడందే మేమెవరం పెడలు మీద కాలు వేయం. ఆయన దిగి, హ్యాండిల్‌కు తగిలించిన గుడ్డసంచిలోంచి పల్లీ పట్టి తీసి కుర్రాడి చేతిలో పెట్టారు. "మాట్లాడకు బాబూ, నములు" అన్నారు. నన్ను ముందున్న సోడా బండి దగ్గరికి పంపి ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా తెప్పించారు. గుక్కెడు గుక్కెడుగా తాగించారు. కాసేపటికి వాడి మొహంలోకి రంగు వచ్చింది. లేవబోతే మళ్లీ కూర్చోబెట్టి ఇంకో పట్టి తినిపించారు.

తర్వాత వరస మార్చారు. నేను ముందు, నా వెనక ఆయన, ఆయన వెనక కుర్రాడు. ఎదురుగాలిలో ఇలా ఒకరి వెనక ఒకరు దగ్గరగా వెళితే వెనకవాడికి శ్రమ పావు వంతు దాకా తగ్గుతుంది. అయితే కొత్తవాళ్లకు భయం, ముందున్న చక్రాన్నే గుడ్లప్పగించి చూస్తారు. "నా చక్రం చూడకు, నా నడుము చూడు" అన్నారాయన. "చక్రం చూస్తే దాన్నే గుద్దుతావు." సైకిలు గురించి నేను విన్న మంచి సలహాల్లో ఇది మొదటిది, ఏ దుకాణంలోనూ దీన్ని అమ్మరు. నన్ను మాత్రం నిమిషానికోసారి "నెమ్మది, నెమ్మది" అని కసురుతూనే ఉన్నారు. ముందున్నవాడికి తెలియకుండానే కాలు వేగం అందుకుంటుంది మరి.

మొయినాబాదు దగ్గర కుర్రాడి వెనక చక్రం మెత్తబడింది, తుమ్మముల్లు. వాడి దగ్గర కొత్త ట్యూబు ఉంది, పంపు లేదు. రోడ్డు పక్క పంక్చరు షాపు కుర్రవాడు నిమిషంలో ట్యూబు మార్చేశాడు. మార్చే ముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు మొన పీకేశాడు చూడండి, అది చేయకపోతే కొత్త ట్యూబు కూడా పది అడుగుల్లో పోతుంది. తీరా గాలి కొడదామంటే షాపులోని పంపు ఈ సన్నటి విదేశీ వాల్వుకు పట్టలేదు. లక్షల సైకిలు గాలి లేక నిలబడిపోయింది. కండక్టరు గారి సంచిలో వేలి కొసంత ఇత్తడి అడాప్టరు ఉంది, దాన్ని వాల్వుకు బిగించగానే మామూలు పంపు పట్టేసింది. కాబట్టి మీరు ఏ సైకిల్ కొన్నా ముందు వాల్వు చూడండి. సన్నదైతే ఆ అడాప్టరు కొని జేబులో వేసుకోండి, ఖరీదు పదుల రూపాయల్లోనే.

చీకటి పడుతుండగా అప్పా కూడలి చేరాం. అప్పటికే ముందు గుంపు వాళ్లు స్నానాలు కూడా ముగించి వాట్సాప్‌లో సగటు వేగాలు పెట్టుకుని చప్పట్లు కొట్టుకుంటున్నారు. ఒక మనిషి ఇంకా రోడ్డు మీదే ఉన్నాడన్న సంగతి ఆ బొమ్మల్లో ఎక్కడా లేదు. ఆ రోజే మేం కొందరం విడిపోయి వేరే గుంపు పెట్టుకున్నాం. మాది నెమ్మది గుంపని ఎగతాళి చేస్తారు. చేసుకోనివ్వండి. వాళ్ల సగటులు వాళ్లు ఫ్రేము కట్టించుకుంటారు. నా దృష్టిలో అది క్లబ్బు కాదు, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న అపరిచితుల ఊరేగింపు.

ఇక మీ విషయం. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకోసారి అరటిపండో, పట్టీనో నోట్లో వేసుకోండి. డైటులు సోమవారం నుంచి మొదలుపెట్టుకోవచ్చు. చెమటతో ఉప్పు కూడా పోతుంది, నీళ్లలో కాస్త ఉప్పు కలుపుకోండి. చలికాలమైతే వెళ్లేటప్పుడు సగం బలమే వాడండి, తిరుగు ప్రయాణంలో తూర్పుగాలి మిగతా సగం అడుగుతుంది. మరొకటి, సీటు నొప్పికి మెత్త కుట్టిన సైకిల్ నిక్కర్లు అమ్ముతారు కదా, వాటి కింద లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని తొడలు పుండవుతాయి. దుకాణంవాడు చెప్పడు, క్లబ్బులో అడగడానికి అందరికీ సిగ్గు. అందుకే ఇక్కడ రాసేస్తున్నాను.