వాన పడితే హైదరాబాద్ కాలనీలు మునుగుతున్నాయి, జీహెచ్‌ఎంసీ అసలు ఏం చేస్తుంది?

వాన పడుతుండగా చేసేది తక్కువే. జీహెచ్‌ఎంసీ, హైడ్రా (విపత్తులు, చెరువుల ఆక్రమణలు చూసే ప్రభుత్వ సంస్థ) బృందాలు వచ్చి క్యాచ్‌పిట్ల (రోడ్డు మీది వాన నీళ్లు డ్రెయిన్‌లోకి దిగే గుంటలు) జాలీలకు పట్టేసిన ప్లాస్టిక్ కవర్లు, కొమ్మలు లాగేస్తాయి, లోతట్టు వీధుల్లో మోటార్లు పెట్టి తోడేస్తాయి. కానీ నాలాయే పొంగుతుంటే తోడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? అసలు చిక్కు అక్కడే.

2020 అక్టోబరులో టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. పక్కనే షా హాతిమ్ చెరువు మరి! అప్పుడు ప్రభుత్వం ముంపు కుటుంబాలకు 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది (పంపిణీలో గొడవ వేరే కథ). నాలాల విస్తరణకు ఎస్‌ఎన్‌డీపీ (వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం) పెట్టింది ఆ తర్వాతే. పనైన చోట కొంత నయం. చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) కట్టిన ఇళ్లను మాత్రం ఏ బాక్స్ డ్రెయినూ (కాంక్రీటు పెట్టె కాలువ) పూర్తిగా కాపాడలేదు. మీ ఇల్లు ఆ హద్దులో ఉందేమో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో చూసుకోండి.