మొదటి ఏడాది ఫీజు సరే, రెండో ఏడాది మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో 720కి 318 మార్కులు వచ్చాయి. బయాలజీలో 210, కెమిస్ట్రీలో 68, ఫిజిక్స్‌లో 40. కన్వీనర్ కోటాలో సీటు రాదు. బీ కేటగిరీలో, అంటే ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ కోటాలో ఎంబీబీఎస్ అయితే ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 13.5 లక్షల చొప్పున ఐదేళ్లు కట్టాలంటున్నారు. విదేశంలో మొత్తం 30 లక్షల్లో పూర్తవుతుందని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. నీట్ మళ్లీ రాయడానికి ఏడాదిపాటు ఇచ్చే లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు హాస్టలుతో సహా 2 లక్షలు. నా వయసు 47. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 85 వేలు. ఇంటి రుణం ఇంకా 18 లక్షలుంది, ఈఎంఐ 22 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు. బాబు తొమ్మిదో తరగతి. 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎకరంన్నర పొలం ఉన్నాయి. డిపాజిట్ తీసేసి, మిగతా 7.5 లక్షలు తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఈ ఏడాదే చేర్పిద్దామనుకుంటున్నాను. తర్వాతి ఏళ్ల సంగతి అప్పుడు చూసుకోవచ్చు. అమ్మాయి మాత్రం ఇంకోసారి రాస్తానంటోంది. సీటు ఖాయం చేయడానికి ఒక మధ్యవర్తి 2 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఈ ఏడాది చేర్పించకండి. మీ అమ్మాయి చెప్పిందే సరైన మాట. మార్కులు తక్కువ వచ్చాయని మాత్రమే ఆగమనడం లేదు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న డబ్బుతో ఈ చదువు మొదలుపెట్టించగలరు గానీ పూర్తి చేయించలేరు. అందుకే ఆగమంటున్నాను.

నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ తల్లిదండ్రుల నుంచి ఇలాంటి లెక్కే వస్తుంది కాబట్టి మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను. మొదటి విడత ఎలా సర్దాలో పైసలతో సహా వేసుకుంటారు. మిగిలిన నాలుగు విడతల దగ్గరకు వచ్చేసరికి 'అప్పుడు చూసుకోవచ్చు' అన్న ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లకు ఏడాది వృథా అవుతుందన్న బెంగ ఆ వాక్యాన్ని రాయిస్తుంది. ఆ వాక్యం ఖరీదు ఎంతో చూద్దాం.

7.5 లక్షలకు రెండు రూపాయల చొప్పున నెలకు 15 వేల వడ్డీ. ఈఎంఐ, ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 23 వేలు. అందులో 15 వేలు వడ్డీకే పోతుంటే అసలు తీరేది ఎప్పుడు? ఏడాది తిరిగేసరికి మళ్లీ 13.5 లక్షలు కావాలి. అదీ అలాగే తెస్తే నెలకు మరో 27 వేలు. రెండూ కలిపి 42 వేలు, మీ మిగులుకు దాదాపు రెట్టింపు. అప్పుడు పొలం అమ్మకానికి పెడతారు. అప్పులవాళ్లు తొందరపెడుతున్నప్పుడు అమ్మే పొలానికి ఏం ధర పలుకుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అది అమ్మినా ఇంకా మూడేళ్ల ఫీజు ఎదురుగా ఉంటుంది. అమ్మాయి అయిదో ఏడాదిలో ఉన్నప్పుడు బాబు ఇంటర్ ముగించి తన చదువు కోసం నిలబడతాడు. ఏడాదికి 24 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బుతో వైద్యవిద్య చదివించాలన్న ఆలోచనను నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. చేబదులు ఇస్తానన్నవారికి ఇవాళే వద్దని చెప్పండి.

ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. అంత వివరంగా రాసిన ఉత్తరంలో టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా అన్న మాటే లేదు. 67.5 లక్షల చదువు, 18 లక్షల ఇంటి రుణం, ఇద్దరు పిల్లలు, వీటన్నిటికీ ఆధారం మీ ఒక్కరి జీతం. మూడో ఏడాది మధ్యలో మీకేదైనా జరిగితే కాలేజీ ఫీజు ఆపదు, అప్పిచ్చినవారు ఊరుకోరు. మీరు రాసిచ్చిన అప్పు నోటు పట్టుకుని మీ భార్య దగ్గరకే వస్తారు. ఇది రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఎవరో ఒకరు మీకు చెప్పాలి.

చదువుకు 67.5 లక్షలు, ఇంటి రుణానికి 18 లక్షలు, ఈఎంఐ కాకుండా నెలకు 40 వేల ఖర్చు చొప్పున పదిహేనేళ్లకు 72 లక్షలు. కలిపితే కోటిన్నర దాటుతుంది. కాబట్టి కోటిన్నరకు తగ్గకుండా టర్మ్ పాలసీకి ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. బీపీ, షుగర్ ఉంటే దాచకండి. ప్రీమియం కొంచెం పెరిగినా ఫరవాలేదు, క్లెయిము తిరస్కరణకు గురైతే మొత్తం పోతుంది. పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి. అలా తీసుకుంటే ఆ సొమ్ము మీ భార్యాపిల్లలకే చెందుతుంది, మీ అప్పులవాళ్లు దానిపై చేయి వేయలేరు. ఈ వెసులుబాటు పాలసీ తీసుకునేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత చేర్చడం కుదరదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి కుటుంబానికి విడిగా ఒకటి ఉండాలి.

ఇక డిపాజిట్. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 62 వేలు, ఆరు నెలలకు 3.72 లక్షలు. ఆ 6 లక్షల్లో 4 లక్షలు మీ అత్యవసర నిధి. ప్రైవేటు ఉద్యోగంలో ఉండి దాన్ని తీసుకెళ్లి ఫీజు కౌంటర్‌లో కట్టేస్తానంటే ఎలా? ఆ తర్వాతి నెల జీతం ఆగితే వడ్డీ ఎలా కడతారు, ఈఎంఐ ఎలా కడతారు? ఆ 4 లక్షలను మరచిపోండి. మిగిలిన 2 లక్షలు సరిగ్గా లాంగ్‌టర్మ్‌కు సరిపోతాయి.

లాంగ్‌టర్మ్‌కు వెళ్తే నష్టపోతుందన్న భయం అక్కర్లేదు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నిబంధనా లేదు. బయాలజీ 360కి 210 తెచ్చుకున్న పిల్ల, ఫిజిక్స్‌లో 180కి 40 దగ్గర ఆగింది. పెరగడానికి చోటు ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తోంది. ఫిజిక్స్‌ను గట్టిగా చెప్పే చోటు వెతకండి, ప్రకటనల్లోని ర్యాంకులు చూసి కాదు. అయితే ఒక్క ఏడాదే. జనవరి, ఫిబ్రవరి నమూనా పరీక్షల్లో ఫిజిక్స్ కదలకపోతే ఫిజియోథెరపీ, నర్సింగ్, వ్యవసాయ డిగ్రీల దరఖాస్తుల తేదీలు చూసుకోవడం మొదలుపెట్టండి. ఈ మాట అమ్మాయితో ఇప్పుడే, కోచింగ్‌లో చేరకముందే మాట్లాడుకోండి. ఏడాది చివర్లో చెబితే అది శిక్షలా వినిపిస్తుంది.

విదేశం సంగతి. ఆ 30 లక్షల్లో డాలరు పెరిగితే పడే భారం లేదు. 2021 నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల కోర్సు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చి విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300కి 150 మార్కులు, ఆపైన ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఆ పరీక్ష దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయినవారు చాలామంది ఉన్నారు. అదీగాక విదేశీ చదువుకు నీట్ అర్హత మూడేళ్లు చెల్లుతుంది. ఈ వారమే సంతకం పెట్టాలని కన్సల్టెన్సీ తొందరపెడితే ఆ తొందర వారిదే.

విద్యా రుణం చేతినోటు కంటే ఎన్నో రెట్లు నయం, కానీ వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు. మీ బ్యాంకు మేనేజ్‌మెంట్ సీటుకు ఇస్తుందా, దేన్ని హామీగా తీసుకుంటుందో ఈ ఏడాదిలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

చివరగా ఆ మధ్యవర్తి. బీ కేటగిరీ సీట్లను కూడా వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమే నీట్ మెరిట్ ప్రకారం కౌన్సెలింగ్‌లో కేటాయిస్తుంది. ముందుగా డబ్బు కట్టి సీటు ఖాయం చేసుకునే దారి అక్కడ లేదు. మీరు ఇంకా ఏమీ ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఒకవేళ ఇచ్చి ఉంటే ఫోన్ సందేశాలు, బ్యాంకు లావాదేవీల వివరాలు చెరిపేయకుండా దాచి, డబ్బు తిరిగివ్వమని రాతలో అడగండి. వారం దాటితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.