‘కోనీ’ అంటే కుందేలేనా?

ప్రశ్న: పాత ఇంగ్లిష్ బైబిల్లో ‘కోనీ’ అనే జంతువు ఉంది. నిఘంటువులో కుందేలు అని ఇచ్చారు. తెలుగు బైబిల్లో ఒకచోట ‘పొట్టి కుందేలు’, మరోచోట ‘చిన్న కుందేళ్లు’ అని ఉంది. ఏది సరైన మాట?

జవాబు: నిఘంటువు తప్పు చెప్పలేదండీ. ఇంగ్లండులో ఒకప్పుడు ‘కోనీ’ అంటే కుందేలే. లాటిన్ ‘కునిక్యులుస్’ ఫ్రెంచి మీదుగా వచ్చి అలా మారింది. ‘రాబిట్’ అనేది మొదట దాని పిల్లకు పేరు. పోను పోను పిల్ల పేరే పెద్దదానికీ స్థిరపడి, ‘కోనీ’ మూలపడింది. కుందేటి బొచ్చు బేరంలో ఇప్పటికీ వినిపిస్తుంది. పాతవాళ్లు దాన్ని హనీ, మనీలతో ప్రాస కలిసేలా ‘కనీ’ అని పలికేవారు.

చిక్కంతా 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు, అంతకు ముందరి ఇంగ్లిష్ బైబిళ్లతో వచ్చింది. హీబ్రూ మూలంలో ఉన్న మాట ‘షాఫాన్’. అది కుందేలు కాదు, హైరాక్స్. చిన్న గుండ్రటి చెవులు, తోక ఉన్నా లేనట్టే, కాలివేళ్లకు బుల్లి గిట్టల్లాంటి గోళ్లు. బొరియ తవ్వదు, బండల సందుల్లో గుంపుగా ఉంటుంది. జీవశాస్త్రం ప్రకారం ఏనుగుకు చుట్టం! ఇంగ్లండులో లేని జంతువు కనుక అనువాదకులు తమకు తెలిసిన కోనీ పేరు పెట్టారు.

మన దేశంలోనూ అది లేదు, అందుకే తెలుగులో పేరు లేదు. ద్వితీయోపదేశకాండం 14:7లో అసలు కుందేలు కూడా పక్కనే ఉంది. రెంటినీ ఒకే పేరుతో పిలవలేక మనవాళ్లు ‘పొట్టి’ చేర్చారు. ఆ జాగ్రత్తను నేను మెచ్చుకుంటాను. సామెతలు 30:26లో మాత్రం ‘చిన్న కుందేళ్లు’ రాతి సందుల్లో ఇల్లు కట్టుకుంటాయంటే చదివేవాడు తికమకపడతాడు. మన చేలల్లోని కుందేలు, కొన్నిచోట్ల చెవులపిల్లి అంటారే, అది రాళ్లలో దూరదు, బొరియా తవ్వదు. గడ్డిలో తన ఒంటికి సరిపడా గుంట చేసుకుని, చెవులు వీపుకు ఆనించి పడుకుంటుంది. అది లేచిపోయాక చెయ్యి పెడితే ఆ గుంట ఇంకా వెచ్చగా ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్లకు ఇది ‘హేర్’. బొరియల్లో ఉండే ‘రాబిట్’ మనకు పెంపుడుగా వచ్చిందే. రెంటికీ మనం కుందేలనే అంటాం.

కాబట్టి పాత ఇంగ్లిష్ కథల్లో కోనీ వస్తే నిశ్చింతగా కుందేలు అనండి. బైబిలు సందర్భంలో ‘హైరాక్స్’ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ‘బండల సందుల్లో ఉండే చిన్న జంతువు’ అని వివరించండి.