మా అమ్మ ఈ వయసుకే ముసలిదైపోయింది.. నాకూ అంతేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది తెనాలి. నాకు 46 ఏళ్లు. మావారు గవర్నమెంట్ టీచర్, ఆయనకు 51. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, అబ్బాయి బీటెక్ చదువుతున్నాడు. ఏడాదిగా నాకు పీరియడ్స్ సరిగా రావట్లేదు. ఒకసారి 20 రోజులకే వస్తే, ఇంకోసారి రెండు నెలలైనా రావు. వచ్చినప్పుడు బ్లీడింగ్ ఎక్కువ. రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి, చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తోంది. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. ఇక్కడ ఒక డాక్టర్‌కి చూపిస్తే, “పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది” అన్నారు. మా అమ్మకు 35 ఏళ్లకే ఆ ఆపరేషన్ చేశారు. నా వయసుకి తను అమ్మమ్మ కూడా అయిపోయింది. అప్పటి ఫొటోలు చూస్తే అరవై ఏళ్ల మనిషిలా ఉంటుంది. ఇప్పుడు 68. పోయినేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. నేను ఈమధ్య జుంబా క్లాసులో చేరితే మా అత్తగారు “ఈ వయసులో గెంతులేంటమ్మా” అంటున్నారు. మా అమ్మాయేమో “నువ్వింకా యంగేనమ్మా, ఇవన్నీ మామూలే” అంటోంది. ఎవరి మాట వినాలి? నాకూ మా అమ్మలాగే అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ విషయంలో మీ అత్తగారి మాటా వినకండి, మీ అమ్మాయి మాటా వినకండి. “వయసైపోయింది” అనుకున్నవాళ్లు నొప్పి భరిస్తూ కూర్చుంటారు. “ఇంకా యంగే” అనుకున్నవాళ్లు పరీక్షలు వాయిదా వేస్తూ పోతారు. నా దగ్గరకు ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఈ రెండు రకాలూ ఉంటారు. ఈమధ్య రెండో రకమే ఎక్కువ.

ముందు గర్భసంచి సంగతి. ఆపరేషన్‌కి డేట్ గానీ తీసుకుని ఉంటే ప్రస్తుతానికి ఆపండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే మీరు మెనోపాజ్‌కు ముందు దశలో ఉన్నట్టున్నారు. పీరియడ్స్ పూర్తిగా ఆగిపోవడానికి కొన్నేళ్ల ముందు నుంచే అండాశయాలు ఒక నెల పనిచేస్తే ఒక నెల మానేస్తుంటాయి. తేదీలు తప్పడం, బ్లీడింగ్ ఎక్కువ కావడం, రాత్రి చెమటలు చాలావరకు దానివల్లే. మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46-47 ఏళ్లకు పీరియడ్స్ ఆగిపోతాయి. అమెరికా, యూరప్‌లలో 51 దగ్గర. కాబట్టి ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో చదివి “నాకింకా టైముంది కదా” అని కంగారు పడక్కర్లేదు.

అలాగని అంతా మెనోపాజ్ మీదకు నెట్టేయకూడదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొత్తికడుపు స్కాన్ చేయించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోకపోయి ఉంటే ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా. నవ్వకండి, 46లో గర్భం వచ్చినవాళ్లూ ఉన్నారు. 45 దాటాక బ్లీడింగ్ ఇలా మారితే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపడం పద్ధతి. అందులో ఏమీ లేదని తేలితే ట్యాబ్లెట్లు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చితే ఏళ్ల తరబడి పనిచేసే హార్మోన్ లూప్ ఉంది. చాలామందికి వీటితోనే సరిపోతుంది. పెద్ద గడ్డలుండి ఏ మందుకూ లొంగకపోయినా, బయాప్సీలో తేడా కనిపించినా అప్పుడు ఆపరేషన్ మాట. “పిల్లలు పుట్టేశారు కదా” అన్నది మాత్రం ఒక అవయవం తీసేయడానికి కారణం కాదు.

మీ అమ్మగారు 46కే అలా ఎందుకు కనిపించారో మీ ఉత్తరంలోనే జవాబుంది. 35 ఏళ్లకు ఆపరేషన్. అప్పట్లో చాలాచోట్ల గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసేవారు. పాత డిశ్చార్జి కాగితం ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. అండాశయాలు తీసేసి ఉంటే ఆవిడకు మెనోపాజ్ 35లోనే వచ్చినట్టు, అంటే పదేళ్లకు పైగా ముందుగా. తీయకుండా వదిలేసినా, కొంతమందిలో అవి మామూలు కంటే ముందే పని మానేస్తాయి. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గిపోయిన మొదటి కొన్నేళ్లలో ఎముక గబగబా పలచబడుతుంది, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది, చర్మం బిగువు తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు చూసి “పాపం, తొందరగా ముసలిదైపోయింది” అన్నది చాలావరకు ఆ ఆపరేషన్ ఫలితమే కావచ్చు.

ఇది మీ ఇంటి ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 8 శాతం దాటారు. మన పల్లెల్లో “నాకూ సంచి తీసేశారు” అనే మాట పన్ను పీకించుకున్నంత తేలిగ్గా వినిపిస్తుంది. ఆ తరంలో నడివయసు అనేదే లేకుండా పోయిన ఆడవాళ్లు ఎంతమందో. ముప్పైల్లోంచి నేరుగా ముసలితనంలోకి దిగిపోయారు.

మిగతా కారణాలూ ఉన్నాయి. 1978 దాకా చట్టం ప్రకారమే ఆడపిల్ల పెళ్లికి 15 ఏళ్లుంటే చాలు. మీ అమ్మగారి ఈడువాళ్లలో 16కి పెళ్లై, ఇరవై రెండు, ఇరవై మూడు వచ్చేసరికి ముగ్గురు పిల్లల తల్లులైనవాళ్లు కోకొల్లలు. వెంటవెంటనే కాన్పులు, రక్తహీనత, కట్టెల పొయ్యి పొగ, అందరూ తిన్నాక మిగిలింది తినడం. పళ్లు ఊడితే కట్టించుకునే అలవాటు లేదు. నాలుగు దవడ పళ్లు పోతే చాలు, బుగ్గలు లోపలికి పోయి మనిషి మారిపోతుంది. చత్వారం వచ్చినా అద్దాలు పెట్టుకోకుండా కళ్లు చికిలించి బియ్యం ఏరుకునేవారు. ఈసారి ఆ ఫొటో మళ్లీ తీసి నోరు, కళ్లు, మెడ చూడండి. వయసుకన్నా పంటి డాక్టర్, కళ్ల డాక్టర్ లేని లోటే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంకోటి. మన ఇళ్లలో పెద్దరికం వయసును బట్టి కాక వరుసను బట్టి వచ్చేది. కోడలు గడపలో అడుగు పెట్టగానే అత్త ముదురు రంగు చీరలు పక్కన పెట్టేయాలి. మనవరాలు పుడితే జడ మానేసి ముడి వేసుకోవాలి. నలభై రెండేళ్ల అత్త గారు సినిమాకెళ్తే నలుగురూ నవ్వేవారు. మీ అత్తగారు “గెంతులేంటి” అంటున్నది మీ మీద కోపంతో కాదేమో. తనను ఆ వయసులో ఏం చేయనివ్వలేదో అదే చెబుతున్నారు.

మగవాళ్లకు ముసలితనం మొదలయ్యే గీత ప్రభుత్వమే గీసేది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి తగ్గించేసరికి ఎంతోమంది ఉద్యోగులు రాత్రికి రాత్రే “పెద్దాయన”లై ఇంట్లో కూర్చున్నారు. తర్వాత మళ్లీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62. తెలంగాణలో 2021 నుంచి 61. మీవారికింకా పదకొండేళ్ల సర్వీసుంది. యాభై ఒకటిలో ఆయన్ని పెద్దాయన అంటే ఊరుకుంటారా?

ఈ మార్పు మన దగ్గరే కాదు. జర్మనీలో 14 వేల మందిని పాతికేళ్ల పాటు మళ్లీ మళ్లీ అడిగిన అధ్యయనం ఒకటి 2024లో వచ్చింది. ముసలితనం ఏ వయసులో మొదలవుతుందన్నది ప్రశ్న. 1911లో పుట్టినవాళ్లయితే తమ 65వ ఏట 71 అని ఉండేవారని ఆ అధ్యయనం లెక్కగట్టింది. 1956లో పుట్టినవాళ్లు అదే 65లో 74 అన్నారు. తమాషా ఏంటంటే, వయసు మీదపడే కొద్దీ వాళ్లు ఆ గీతను ఇంకాస్త అవతలికి జరుపుకుంటూ పోయారు. ఆడవాళ్లు మగవాళ్లకన్నా రెండేళ్లు ఎక్కువే జరిపారు.

అలా అనుకోవడం మంచిదే. వయసు పెరగడం గురించి మంచిగా అనుకునేవాళ్లు, చెడుగా అనుకునేవాళ్ల కంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని అమెరికాలో యేల్ యూనివర్సిటీకి చెందిన బెకా లెవీ 2002లో చూపించారు. అనుకోవడం వల్లే ఎక్కువ బతికారా, ఒంట్లో బాగుండబట్టి అలా అనుకున్నారా అన్నది పూర్తిగా విడదీయడం కష్టం. ఆరోగ్యంలో తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. అందుకని జుంబా మానకండి.

అయితే మనం గీత జరిపినంత మాత్రాన ఒంట్లో అన్నీ జరగవు. చత్వారం మీ అమ్మమ్మకీ నలభై దాటాకే వచ్చింది, మీకూ అంతే. అండాశయాల లెక్క కూడా తరాలు మారినా పెద్దగా మారలేదు. కండ ముప్పైల నుంచే కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. బీపీ, షుగర్, గుండె జబ్బులైతే వెనక్కి జరగకపోగా మన దగ్గర ముందుకొచ్చాయి. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్ల కంటే సగటున ఐదారేళ్లు ముందే వచ్చినట్టు తేలింది. జుట్టుకు రంగేసి, జీన్స్ వేసుకుని, ఫొటోలో 38లా కనిపించే 50 ఏళ్ల మనిషి బీపీ చూస్తే 170/100 ఉంటుంది. “నాకా? నాకేం లేదే!” అంటాడు. మీవారు ఆఖరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారో ఒకసారి అడగండి.

మీ మోకాలి గురించి. మెట్లు దిగేటప్పుడు మాత్రమే నొప్పి అంటే చాలావరకు మోకాలి చిప్ప వెనక భాగం, తొడ ముందు కండరం బలహీనత. “గుజ్జు అరిగిపోయింది” అని ఎవరైనా అంటే భయపడి కదలడం మానేయకండి. కదలకపోతే కండ ఇంకా పోతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా పది సార్లు లేచి కూర్చోండి. కష్టంగా ఉంటే అదే మీ వ్యాయామం. రోజూ రెండు విడతలు చేస్తే తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. జుంబాలో గెంతే స్టెప్పులు నెలన్నర పాటు తగ్గించమని టీచర్‌కి చెప్పండి, మిగతావి చేసుకోవచ్చు. మంచి బూట్లు వేసుకోండి, గచ్చు మీద వట్టి కాళ్లతో వద్దు. మోకాలు వాచినా, ఎర్రబడినా, పొద్దున లేచాక అరగంట పైన బిగుసుకుపోయి ఉన్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాలి.

జుంబా గుండెకు మంచిది గానీ కండకు అదొక్కటే చాలదు. వారంలో రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం కావాలి. జిమ్‌కే వెళ్లాలని లేదు, నీళ్లు నింపిన రెండు లీటర్ సీసాలతో మొదలుపెట్టొచ్చు. కంచంలో అన్నం సగం చేసి పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెంచండి. ఎక్కువమందిలో కనిపించేది ఏంటంటే, పప్పు అంటే నీళ్ల చారులాంటి పప్పు రెండు గరిటెలు. దాంట్లో ప్రొటీన్ ఏముంటుంది?

రాత్రి చెమటలు నిద్ర చెడగొట్టేంతగా ఉంటే హార్మోన్ మందులు ఒక దారి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటివి లేకపోతే మీ వయసువాళ్లకు ఎక్కువమందికి ఇవ్వొచ్చు. గైనకాలజిస్ట్ చూసి నిర్ణయించాలి. హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనుక్కోవద్దు. చెమటలతో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

పరీక్షలంటే హెల్త్ ప్యాకేజీ కొనేయకండి. 80 టెస్టులు, వాటిలో సగం మీకు అక్కర్లేనివి. క్యాన్సర్ మార్కర్లంటూ కలిపేవి అనవసరంగా టెన్షన్ పెట్టడానికే. పైన చెప్పినవి కాక మీకు కావాల్సినవి బీపీ, పరగడుపు షుగర్‌తో పాటు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, రెండేళ్లకోసారి మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష. టేపుతో నడుము కొలత చూసుకోండి, మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు 30 దాటినవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమం కిందే ఉన్నాయి, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. పీరియడ్స్ ఆగి ఏడాది గడిచాక ఒక్క చుక్క కనిపించినా ఆగకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

మీకూ మీ అమ్మగారిలాగే అవుతుందా అంటే, మీ గర్భసంచి, అండాశయాలు మీ దగ్గరున్నంతవరకు అదే దారిలో వెళ్లాల్సిన పని లేదు. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. తల్లికి తుంటి విరిగిందంటే కూతురికి ఎముక విరిగే ముప్పు కాస్త ఎక్కువే. మెనోపాజ్ అయ్యాక మీరు 65 దాకా ఆగకుండా ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్ చేయించుకోండి.

మీ అమ్మగారి గురించి ఒకటి అడగాలి. తుంటికి ఆపరేషన్ అయ్యాక ఎముకలు గట్టిపడటానికి మందు మొదలుపెట్టారా? చాలామందికి రాడ్డో, బంతో వేసి, కాల్షియం మాత్రలు రాసి ఇంటికి పంపేస్తారు. కాల్షియం ఒక్కటే సరిపోదు. వారానికొకసారి వేసుకునే మాత్రలు, ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉన్నాయి. ముందు కిడ్నీ పరీక్ష, కాల్షియం, విటమిన్ డి చూడాలి. ఒకసారి విరిగినవాళ్లకు రెండోది విరిగే ప్రమాదం మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. మీరు గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్లే రోజే ఆవిడనూ వెంటబెట్టుకుని ఎముకల డాక్టర్‌కి చూపించండి. బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించే పని ఈ ఆదివారమే మీ అబ్బాయికి అప్పజెప్పండి.